పెళ్లికొడుకు అభ్యంతరం

కొత్తగా సేవలోకి వచ్చిన తమ్ముళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "అయ్యగారూ, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి" అని అడుగుతారు. వాళ్లు ఎదురుచూసేది పెద్ద సంగతులు. ఉజ్జీవ సభలు, ఉపవాస కూటాలు, గుడి కట్టడానికి పడ్డ పాట్లు. అవీ ఉన్నాయి, లేవనను. కానీ నా నోటికి ముందు వచ్చేది పుంగనూరు బేకరీ అబ్బాయి సంగతే. "ఆ కథలో మీరు చేసిందేమీ లేదు, ఊరికే గొప్పలు పోవద్దండి" అని మా ఆవిడ వంటింట్లోంచి ముందే హెచ్చరిస్తుంది. నిజమే. అందుకే ఆ కథంటే నాకంత ఇష్టం.

పెళ్లి ప్రకటన అంటే ఏమిటో సేవలో ఉన్న మీకు తెలుసు. తెలియనివారి కోసం ఒక్క మాట. మా క్రైస్తవ సంఘాల్లో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు, ఆరాధన మధ్యలో, అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ చదివి, ఈ పెళ్లికి ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలపండి అని గురువు అడగాలి. అడిగి కాసేపు ఆగాలి. నా మొదటి పోస్టింగు కుప్పంలో. అక్కడ సంఘంలో తమిళం వాళ్లు ఎక్కువ కాబట్టి తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి అడిగేవాణ్ని. రెండు భాషల్లోనూ ఎవరూ కిక్కురుమనలేదు. ఆ ఆగిన కాసేపట్లో పెద్దవాళ్లు దగ్గుకునేవాళ్లు, తల్లులు పిల్లల ముక్కులు తుడిచేవాళ్లు, నేను తర్వాతి కీర్తన ఎక్కడుందో వెతుక్కునేవాణ్ని. ఎవరైనా నిజంగా లేచి నిలబడితే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

తొంభైల నడుమ నన్ను పుంగనూరుకు మార్చారు. చిన్న సంఘం, పెంకుల గుడి, నోరున్న జనం. బస్టాండు దగ్గర ఒక శెట్టిగారి బేకరీ ఉండేది. అందులో పనిచేసే అబ్బాయి మా సంఘస్థుడే. ప్రభువు బల్ల ఆరాధనలో పంచే రొట్టె అతనే వేడివేడిగా తెచ్చేవాడు. తండ్రి లేడు. తల్లికి ఉబ్బసం. ఆ తల్లీకొడుకులకు ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు.

అమ్మాయి ఊరి చివర కూలి చేసుకునేవాళ్ల బిడ్డ. ఇంటరు పాసయింది. మా సండే స్కూల్లో పాఠాలు చెప్పేది. పిల్లలకు పంచడానికి ఆ బేకరీ నుంచి బన్నులు తేవడం ఆమె పని. తెచ్చిన ప్రతిసారీ లెక్కకు ఒక బన్ను ఎక్కువే ఉండేది. "ఇదెవరికమ్మా?" అని మా ఆవిడ అడిగితే ఆ పిల్ల ఏమీ తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూసిందట. మా ఆవిడకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రెండు ఇళ్లకూ తిరిగి నిశ్చితార్థం చేయించేదాకా ఆవిడ నిద్రపోలేదు. అబ్బాయి తల్లి కూడా సరేనంది. "కాకపోతే ఈ ఎండాకాలంలోనే కోడలు నా ఇంటికి రావాల. ఈ పొయ్యి పొగ నేను ఇంకో ఏడాది ఓర్చలేను. కాదంటే ఇంకో సంబంధం చూసుకుంటా" అని గట్టిగా చెప్పింది.

మొదటి ప్రకటన అయింది. రెండోది అయింది. ఇక మూడోది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. ఉక్కపోత. పేర్లు చదివాను, అడగాల్సింది అడిగాను, ఆగాను, అలవాటు ప్రకారం కీర్తనల పుస్తకం తిరగేస్తున్నాను.

"నాకుండాది అయ్యగారూ."

తలెత్తి చూస్తే మగవాళ్ల వైపు వెనక వరసలో పెళ్లికొడుకు నిలబడి ఉన్నాడు.

"నువ్వు పెళ్లికొడుకువి కదరా!" అన్నాను, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో మరిచిపోయి.

"అవునయ్యగారూ. అందుకే నేనే చెప్పాల."

వినపడని ముసలాయన ఒకడు పక్కవాణ్ని పొడిచి "ఎవురప్పా అది?" అన్నాడు. "పెళ్లికొడుకే!" అని నలుగురు ఒకేసారి చెప్పారు. దగ్గులు ఆగిపోయాయి. పిల్లల ముక్కులు అలాగే ఉండిపోయాయి.

"ఈ పాపకు మదనపల్లెలో నర్సు ట్రైనింగు సీటొచ్చిండాది. ఆడ పెళ్లయినోళ్లను చేర్చుకోరంట. నా కోసరం సీటు వదిలేస్తాండాది. చిన్నప్పట్నించీ నర్సు కావాలని ఆశ పెట్టుకున్న పాప. నా బన్నుల కోసరం అది వదలాల్నా? ఆ పాప మంచి కోసరం నేనే వదులుకుంటా. ఈ పెళ్లి ఆపేయండయ్యా." అని చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఆడవాళ్ల వైపు అమ్మాయి లేచింది. కొంగు తలమీదికి లాక్కుని, నా వైపు కూడా చూడకుండా, "కూర్చో అప్పా ఊరకే!" అంది అతనితో. తర్వాత నా వైపు తిరిగింది. "నన్ను అడక్కుండా నన్ను వదులుకునేదానికి ఈయప్పెవురు అయ్యగారూ? సీటు నాది. వద్దంటే నేను వద్దంటా. ఆయనకేమి మధ్యన?"

గుడంతా గొల్లుమంది. నవ్వు ఆపడం నా వల్ల కాదని తెలిసి, చేతికి దొరికిన కీర్తన చెప్పేశాను. అది క్రిస్మసు కీర్తన. మే నెల ఎండలో మా సంఘం ఆ కీర్తన చరణాలన్నీ విడిచిపెట్టకుండా పాడింది. పాడుతూ అందరూ వాళ్లిద్దరినే చూశారు.

ఆరాధన ముగిశాక పక్కగదిలో కూర్చున్నాం. నేను, మా ఆవిడ, అబ్బాయి, అమ్మాయి, సంఘ పెద్దగా ఉన్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు. అబ్బాయి తల్లి లోపలికి రానని గడప అవతల మెట్టు మీదే కూలబడింది. ఆమె ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాకు వినిపిస్తోంది.

హెడ్మాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని విచారణ మొదలుపెట్టారు. "అభ్యంతరం అంటే న్యాయమైంది ఉండాల. ముందే పెళ్లయిందా? వయసు చాలదా? వరస కాదా? ఇష్టం లేదనేది అభ్యంతరం కిందికి రాదు."

"ఇష్టం లేదని నేనెప్పుడు చెప్పినా సార్?" అన్నాడు అబ్బాయి ఏడుపు గొంతుతో. "ఇష్టముండబట్టే కదా ఈ గోలంతా!"

హెడ్మాస్టరుగారు అమ్మాయి వైపు తిరిగారు. "నిన్ను అడక్కుండా వదులుకున్నాడని కోపం చేస్తాండావు, బాగుంది. మరి నువ్వు సీటొదిలేటప్పుడు వాణ్ని అడిగినావామ్మా?"

నాకు నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకే పని చేశారు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఎదుటివాళ్లకు మేలు చేస్తున్నామనుకుని, ఎదుటివాళ్లు ఎక్కువగా కోరుకునేదాన్నే పారేయబోయారు.

ఈ సంగతి అబ్బాయికి ఎలా తెలిసిందని నేనడిగితే, గదిలో అందరూ మా ఆవిడ వైపు చూశారు. సీటు కోసం అర్జీ పెట్టించింది ఆవిడేనట. మొదట రాలేదు, అందరూ మరిచిపోయారు. తీరా ప్రకటనలు మొదలయ్యాక వచ్చింది. "అయ్యగారికి మాత్రం చెప్పొద్దండమ్మా, ప్రసంగంలో చెప్పేస్తారు" అని ఆ పిల్ల మా ఆవిడ దగ్గర మాట తీసుకుందట. ఆవిడ నాకు చెప్పలేదు. బ్రెడ్డు కోసం వెళ్లినప్పుడు నేరుగా పెళ్లికొడుక్కే చెప్పింది! ఊళ్లో తెలియనివాణ్ని నేనొక్కణ్నే.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. లోకపు ప్రేమ తనకు కావాలంటుందనీ, త్యాగ ప్రేమ ఎదుటివారికి ఇస్తుందనీ, కాబట్టి అబ్బాయి చేసింది క్రీస్తు నేర్పిన ప్రేమేననీ మొదలుపెట్టాను. మంచి ఊపు మీదున్నాను కూడా.

"అయ్యగారూ, ఒక మాట," అంది అమ్మాయి. కోపం తగ్గింది, కళ్లల్లో నీళ్లున్నాయి. "ప్రభువు మనల్ని ప్రేమించి మనల్ని వదిలేసి పోయినాడా? మన కోసరం తన్ను తానిచ్చుకున్నాడు గానీ, మన చెయ్యి వదిలినాడా? వదిలి పొయ్యేది సులభమయ్యా. ఒక దినం ఏడ్సి మర్నాడు పనికి పోవచ్చు. నిజంగా నాకోసరం ఏమన్నా చెయ్యాలని ఉంటే ఈయప్పను ఆగమనండి. మూడేళ్లు ఆగమనండి. ఆ మాట అడిగేదానికే నాకు నోరు రాలేదు."

అబ్బాయి ఆమెను తేరిపార చూశాడు. "ఆగితే సాలా? అంతేనా? నేను ముప్పై ఏళ్లయినా ఆగుతా కదా!"

నేను మళ్లీ అందుకోబోతే మా ఆవిడ నా మోచేయి పట్టుకుని "మీరు కాసేపు ఊరకుండండి" అంది. అందరం గడప వైపు చూశాం. ఇక మిగిలింది ఆ తల్లి మాటే.

ఆమె మెట్టు మీదినుంచి లేచి నిలబడింది. "మూడేళ్లా! అంతదాకా నేనుంటానా? మీరు ప్రేమలు, త్యాగాలు అని మాట్లాడుకుంటాండారు. ఈ ముసలిదానికి అన్నం ఎవురు వండుతారు? వాడు తెల్లారకముందే పొయ్యి దగ్గర నిలబడాల, నేను పగలంతా పొయ్యి దగ్గర సావాల!" అని చెప్పులు కూడా మరిచిపోయి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ట్రైనింగులో చేరాలి. తల్లి కాదంటే ఆ అబ్బాయి ఆగలేడు, ఆ అమ్మాయి వెళ్లదు. తల్లిని కాదని ఇద్దరూ బాగుపడదామనుకునే రకం కాదు వాళ్లు. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదని చెబితే మా ఆవిడ నమ్మలేదు గానీ, అది నిజం.

సాయంత్రం ఆ చెప్పులు పట్టుకుని నేనూ మా ఆవిడా ఆమె ఇంటికి వెళ్లాం. ఆమె రాగి సంకటి గెలుకుతోంది. గది నిండా పొగ. మమ్మల్ని చూసి పీట కూడా వేయలేదు. నేను వాక్యం చెప్పబోయేలోగా మా ఆవిడ చీర చెంగు దోపుకుని, ఆమె చేతిలోని తెడ్డు లాక్కుని, "మీరు బయట గాలికి కూర్చోండక్కా, నేను గెలుకుతా" అంది. ఆమె బయటికొచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. చాలాసేపు ఇద్దరం వీధిలోకి చూస్తూ కూర్చున్నాం. జీవితంలో ఒక్కసారైనా నేను నోరు మూసుకుని మంచి పని చేశానంటే అది ఆ సాయంత్రమే.

చివరికి ఆమే అడిగింది. "ఏమయ్యగారా, నర్సులు ఆయాసానికి సూది వేస్తారా?"

"వేస్తారమ్మా."

"నేను వాళ్ల నాయన్ను చేసుకునేటప్పుడు నాకు ఏమి ఇష్టమని ఎవురూ అడగలేదు. చదువుకుంటావా, పనికి పోతావా, ఏమీ లేదు. పొయ్యి చూపించినారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ పాప గుడిలో లేచి అందరి ముందర గట్టిగా మాట్లాడింది సూడు. నాకు కోపమొచ్చింది. ఇంటికొచ్చినాక ఎందుకో బాగుందనిపించింది. అట్లాంటి కోడలు ఊరికే వస్తాదా? పోనీ, పొయిరానీ. నా కొడుకును గూడా ఆగమను. సంకటి కెలికే ఓపిక నాకింకా ఉండాది."

లోపల తెడ్డు చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. పొగ వల్లేనని ఇప్పటికీ అంటుంది.

మర్నాడు శెట్టిగారు గుడికొచ్చి, "మా పిల్లోడి పెళ్లి తప్పిపొయిందంట కదా సామీ, వాడిలో లోపమేమి?" అని నాతో పోట్లాటకు దిగారు. తప్పిపోలేదు, ఆగిందని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. "అయితే కేకు నేనే చేపిస్తా, ఎన్నేళ్లయినా సరే" అని మాటిచ్చి వెళ్లారు.

తర్వాతి ఏడాది నన్ను మదనపల్లెకు మార్చారు. ఆ ట్రైనింగు పిల్లల హాస్టలు మా ఇంటికి దగ్గర్లోనే. నెలకొక ఆదివారం చూడ్డానికి ఇంటివాళ్లను రానిచ్చేవాళ్లు. కాబోయే మొగుణ్ని మాత్రం గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. కాబోయే అత్త రావచ్చునట. ఇదెక్కడి న్యాయమని అబ్బాయి గొణిగాడు గానీ, రూలు రూలే. కాబట్టి పుంగనూరు బస్సులో తల్లీకొడుకులిద్దరూ దిగేవాళ్లు. తల్లి బన్నుల సంచీతో లోపలికి పోయేది. కొడుకు గేటు బయట, ఎదురుగా టీ అంగడి దగ్గర, నిలబడి చూస్తుండేవాడు. గంట తర్వాత తల్లి బయటికొస్తే ఎదురుపోయేవాడు.

"ఎట్లుండాదిమ్మా?"

"బాగుండాది."

"ఏమన్నా చెప్పిందా?"

"శానా చెప్పింది."

"ఏమి చెప్పిందిమ్మా?"

"అవన్నీ ఆడోళ్ల మాటలు. నీకు యాల?"

అక్కడినుంచి మా ఇంటికొచ్చి కాఫీ తాగేవాళ్లు. కొడుకు ముఖం చూస్తే నాకు జాలేసేది. తల్లి ముఖం చూస్తే నవ్వొచ్చేది. ఆ పిల్ల తన క్లాసు పిల్లలందరికీ ఈమెను 'మా అత్త' అని చూపించిందట. వాళ్లంతా కలిసి ఈమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉబ్బసానికి మందు ఇప్పించారట. బన్నుల్లో సగం బస్సులోనే తనకు అయిపోతాయని కూడా ఒకసారి నాతో ఒప్పుకుంది. కొన్నాళ్లకు ఎవరు ఎవరి కోసం వస్తున్నారో నాకే తెలియకుండా పోయింది. కొడుక్కి పని పడి రాలేకపోయిన నెలల్లో కూడా ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చేది.

రెండో ఏడు వానాకాలంలో ఆమెకు ఆయాసం మరీ ఎక్కువైంది. మంచం పట్టింది. కబురు తెలిసి అమ్మాయి బట్టలు సర్దుకుని హాస్టలు వదిలి వచ్చేసింది. దారిలో మా ఇంటికొచ్చి, "ఇంక నేను చదవలేనయ్యగారూ, అత్తను సూసుకోవాల" అని ఏడిచింది. నేనూ మా ఆవిడా ఆమెతో బస్సెక్కి పుంగనూరు పోయాం. ఇంతకాలం ఆగిందంతా మట్టిలో కలిసిపోతుందనే అనుకున్నాను.

అబ్బాయి తల్లి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మాట్లాడితే ఆయాసం. కోడలి చేతిలో పెట్టె చూసింది.

"ఏమే, బట్టలన్నీ తెచ్చుకున్నావే?"

"నిన్ను ఇట్ల వదిలేసి ఆడ ఎట్ల కూర్చుంటా అత్తా?"

"తిక్కదానా! నువ్వు నర్సు కాకముందే నేను జబ్బు పడి ఏమి లాభం? నాకా మాత్రం తెలీదా? నువ్వు పరీక్ష రాసి, ఆ తెల్ల చీర కట్టుకుని రా. అప్పుడు సూడు, మంచం దిగకుండా జబ్బు పడతా. అంతదాకా నాకు టైము లేదు." ఇంత మాట చెప్పడానికి ఆమె మధ్యమధ్య చాలాసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు ఈడనే ఉంటానంటే ఈ దినమే నా కొడుక్కి ఇంకో పిల్లను సూస్తా, చెప్తాండా!"

అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. అబ్బాయి తలుపు దగ్గర నిలబడి గోడ వైపు తిరిగాడు. శెట్టిగారు బేకరీలో అతని పని వేళలు మార్చి, పగలు తల్లి దగ్గర ఉండనిచ్చారు. పుంగనూరు సంఘం ఆడవాళ్లు వంతులేసుకుని సంకటి చేసి పంపారు. పెట్టె విప్పకుండానే అమ్మాయి తిరుగు బస్సెక్కింది. తల్లి కోలుకుంది. కోలుకోకపోతే ఊరుకునేదా!

పరీక్ష పాసయింది. కుప్పంలో ఉద్యోగం కూడా దొరికింది. పాత ప్రకటనలు చెల్లవు కాబట్టి మళ్లీ మూడు ఆదివారాలు చదివారు. పెళ్లి పుంగనూరు గుడిలోనే. నన్నే చేయమని మదనపల్లె నుంచి పిలిపించారు. శెట్టిగారి కేకు మూడంతస్తులుంది. దాన్ని గుమ్మంలోంచి లోపలికి తేవడానికి ఒక తలుపు ఊడదీయాల్సి వచ్చింది.

ఆ పెళ్లికి నేను బ్రహ్మాండమైన ప్రసంగం రాసుకున్నాను. ఒక పేజీలో ఇష్టపడే ప్రేమ, ఇంకో పేజీలో త్యాగం చేసే ప్రేమ. మొదటిదానికన్నా రెండోది ఎందుకు గొప్పదో వరసగా రుజువులు. పక్కగదిలో అంగీ వేసుకుంటుంటే అబ్బాయి తల్లి పట్టుచీరలో గలగలలాడుతూ వచ్చింది. నాకు ఉత్సాహం పట్టలేక చెప్పేశాను.

"అమ్మా, ఈ పెళ్లిలో అందరికన్నా పెద్ద త్యాగం నీదే. ఈ రోజు ప్రసంగంలో నీ గురించే చెప్తాను."

ఆమె కంగారుపడిపోయింది. "వద్దయ్యగారా! అట్ల చెప్పొద్దు. త్యాగమంటే నాదేదో పొయినట్టు ఉంటాది. నాకేమి పొయింది? నా కొడుకు ఆ పాపను ఇష్టపడ్నాడు, ఆగినాడు. నేనూ ఇష్టపడ్నా, ఆగినా. ఇష్టపడినోళ్ల కోసరం ఆగేది గూడా ఒక కష్టమేనా?" అని నా అంగీ భుజం మీద ముడత సరిచేసింది. "జల్దీ కానియ్యండి. నా కోడల్ని నేను ఇంటికి తీసుకపోవాల."

ఆమె వెళ్లిపోయాక ఆ రెండు పేజీలూ చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఏ పేజీలో ఆమెను పెట్టాలో నాకు తెలియలేదు. రెండూ అక్కడే బల్ల మీద వదిలేసి బయటికొచ్చాను. గుడి నిండా జనం. అమ్మాయి తెల్ల పట్టుచీరలో నవ్వుతోంది. అబ్బాయి మాత్రం నవ్వు దాచుకోలేక నేల చూస్తున్నాడు.

"ప్రభువు మనల్ని ఇష్టపడ్డాడు," అన్నాను. "ఇష్టపడ్డాడు కాబట్టే మన కోసం ప్రాణం పెట్టాడు. ఈ రెండూ ఆయన దగ్గర వేరువేరు కాదు. వీళ్లింట్లో కూడా కాదని నేను కళ్లారా చూశాను."

ఇంకేమైనా చెబుతానేమోనని జనం ఎదురుచూశారు. మా ఆవిడ ముందు వరసలో నోరు తెరిచి నన్నే చూస్తోంది. అంతే చెప్పి, సూత్రం తెమ్మన్నాను.